మలబారు మత్తి

భారతదేశపు పడమటి తీరంవెంట రత్నగిరినుంచి కన్యాకుమారివరకూ పోయే బాటసారికి ఒకే చేప పలు పేర్లతో ఎదురవుతుంది. కొంకణ తీరంలోనూ గోవాలోనూ దానిని తార్లీ అంటారు. మంగుళూరు, ఉడిపి ప్రాంతాల్లో తుళు మాట్లాడే మొగవీరులకు అది బూతాయి. ఉత్తర కేరళంలో మత్తి. దక్షిణానికి పోయినకొద్దీ చాళ. బంగాళాఖాతం వైపున మన విశాఖపట్టణపు పల్లెకారులు దీనిని నూనె కవల్లు అని పిలుస్తారు. హిందీలో మాత్రం జనం నోట నలిగిన పేరు దీనికి లేదు. గంగా యమునల మధ్య పెరిగిన ఆ భాషకు రోహూ తెలుసు, కత్లా తెలుసు, సముద్రం దూరం. కావున అక్కడి పత్రికలు ఇంగ్లీషువారి సార్డిన్ మాటనే నాగరిలో రాసుకొని సరిపెట్టుకుంటవి.

ఇన్ని పేర్లలోనూ చరిత్రకారుడు ఆగి ఆలోచించవలసిన పేరు మరొకటి మలయాళంలో ఉన్నది. తీరవాసులు మత్తిని 'కుటుంబంపులర్తి' అంటారు. అనగా కుటుంబాన్ని పోషించేది. ఇల్లు గడిపే మనిషికి చెల్లే మాటను ఒక చేపకు కట్టబెట్టారు. ఆ పోషకురాలు చెప్పకుండా వెళ్ళిపోతుంది, చెప్పకుండా తిరిగివస్తుంది. రెండువందల ఏండ్లుగా మలబారు తీరం ఆ రాకపోకల లెక్క చూస్తూనే ఉన్నది. వచ్చినప్పుడు అది ఎవరి పళ్ళెంలోకి పోయింది, రానప్పుడు నింద ఎవరిమీద పడింది అన్న రెండు ప్రశ్నల చుట్టూ దాని చరిత్ర అంతా తిరుగుతుంది.

చేపను చూస్తే ఇంత చరిత్ర దీనికి ఉన్నదని తోచదు. బాగా పెరిగినది జానెడుకు కొంచెం తక్కువ. వీపు నీలి పచ్చ, పక్కలు వెండి. తల పొడవు, ఆ పొడవునుబట్టే 1847లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు వలాన్సియెన్ దీనికి లాంగిసెప్స్ అన్న పేరు పెట్టాడు. ఆయుర్దాయం రెండు మూడేండ్లకు మించదు. పుట్టిన ఏడాదిలోపునే గుడ్లు పెట్టే వయస్సుకు వస్తుంది. ఈ పొట్టి ఆయుష్షే దాని కథకు మూలం. పదేండ్లు బతికే చేపలో ఒక సంవత్సరం సంతానం నశించినా పాత తరాలు వలలను నింపుతవి. మత్తికి అట్టి నిలవ లేదు. ఒక వర్షాకాలం గుడ్లు చెడితే మరుసటి ఏడాదే తీరం ఖాళీ అవుతుంది. ఒక వర్షాకాలం కలిసివస్తే మరుసటి ఏడాది సముద్రం వెండి రంగు తిరుగుతుంది.

గుడ్లు పెట్టేది నైరుతి ఋతుపవనం వీచే నెలల్లో. ఆ గాలికి తీరపు పైనీరు పక్కకు తొలగి, అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటిలో ఎరువు సత్తువ ఉంటుంది. దానిమీద కంటికి కనిపించని నాచుమొక్కలు కోట్లాదిగా పుట్టి నీటి రంగును మారుస్తవి. మత్తి తినేది వీటినే. వానలు వెనకపట్టిన తరువాత ఆ మేతమీద పడి కొవ్వు పడుతుంది. అక్టోబరు, నవంబరు నాటికి పెనంమీద వేస్తే వేరే నూనె అక్కరలేనంతగా తయారవుతుంది. ఐతే అడుగునీరు పైకి రావటంలోనూ మితం ఉండాలి. గాలి చాలకపోతే మేత పుట్టదు. గాలి మితిమీరితే ప్రాణవాయువు కొరవడిన నీరు ఒడ్డుదాకా వచ్చి చేపను తరిమివేస్తుంది. వరిపైరుకు వాన ఎట్లాగో మత్తికి ఋతుపవనం అట్లాగు.

ఈ చేప ఒక్క మలబారుకే పరిమితం కాదు. అరేబియా సముద్రానికి ఆవలి ఒడ్డున ఒమాను, ఎమెను తీరాల్లోనూ ఇదే జాతి విరివిగా దొరుకుతుంది. పదునాలుగవ శతాబ్దంలో ఆ దారిన వచ్చిన ఇబ్న్ బతూతా, జఫార్ పట్టణంలో పశువులకు మేతగా ఈ కొవ్విన చేపలనే వేయటం చూచి ఆశ్చర్యపడ్డాడు. అంతకు కొన్ని దశాబ్దాలముందే మార్కోపోలో కూడ ఆ తీరాన గొడ్లు ఎండు చేపలు మేయటాన్ని గూర్చి రాశాడు. ఇంకా వెనక్కుపోతే, అలెగ్జాండరు నౌకాధిపతి నియార్కస్ మక్రాను తీరంలో తిన్న గొర్రెమాంసానికి చేపవాసన వేసిందన్న ముచ్చట గ్రీకుల గ్రంథాల్లో నిలిచి ఉన్నది. గడ్డి మొలవని ఎడారిలో చేప పశుగ్రాసం కావటంలో వింతలేదు. పచ్చని మలబారులో మనిషి తినవలసిన చేప మరొకదానికి మేత కావటమే వింత. ఆ సంగతి ముందు రానున్నది.

పందొమ్మిదవ శతాబ్దం మధ్యకాలంనుంచి మత్తిని గూర్చిన రాతలు దొరుకుతున్నవి. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా ఉండి కొచ్చిలో నివసించిన ఫ్రాన్సిస్ డే 1865లో మలబారు చేపలపై గ్రంథం ప్రకటించాడు. కొన్ని సంవత్సరాలు తీరమంతా పోగులుగా పడే ఈ చేప మరికొన్ని సంవత్సరాలు బొత్తిగా ముఖం చాటువేస్తుందన్న విషయం ఆయనకు అప్పటికే తెలుసు. అప్పటికే కొచ్చిరేవు మత్తి నూనెకు పేరుపడ్డది. ఆ నూనె తీసే పద్ధతి ముక్కు మూసుకోవలసినది. తినగా మిగిలిన చేపను పాత పడవల్లో పోసి, నీరు చల్లి, ఎండలో కుళ్ళనిచ్చి, పైకి తేలిన నూనెను దోసిళ్ళతో తీసేవారు. పడవల కొయ్య చెడకుండా పూయటానికి, తోళ్ళు పదును చేయటానికి అది పనికివచ్చేది. అడుగున మిగిలిన పిప్పి కొబ్బరితోటలకు ఎరువు.

చేప ఎందుకు కుళ్ళవలసివచ్చింది? కొవ్వు ఎక్కువైన చేప కొద్ది గంటల్లోనే చెడుతుంది. వెంటనే ఉప్పు పట్టించాలి. ఉప్పుమీద దొరతనంవారి పన్ను. చవక చేపకు ఖరీదైన ఉప్పు వేసి ఎండబెడితే కూలి కూడ గిట్టదు. ఉప్పుపన్ను అన్నప్పుడు అందరికీ దండి సముద్రతీరం తలపుకు వస్తుంది. మలబారు మత్తికి ఆ పన్ను అంతకు చాలా ముందునుంచీ తెలుసు. ప్రభుత్వ మత్స్యాధికారిగా దేశమంతా తిరిగిన డే ఈ సంగతిని ఎత్తిచూపాడు. 1870లనుంచి మద్రాసు రాజధానిలో చేపలు ఉప్పువేసే ప్రభుత్వ ఆవరణలు వెలసినవి. చేపను ఆ ఆవరణలోకి తెచ్చినవారికి పన్నులేని ఉప్పు దొరికేది. మన సర్కారు జిల్లాల తీరంలోనూ ఇటువంటి ఆవరణలు ఉండేవి. ఐనా పడవలు ఒడ్డెక్కినచోట ఆవరణ ఉండాలి, ఆవరణ తెరిచినవేళకు చేప రావాలి. సముద్రం ఆ వేళలను పాటించేది కాదు.

ఇరవయ్యవ శతాబ్దారంభంలో మత్తి చరిత్రలోకి ప్రవేశించినవాడు సర్ ఫ్రెడరిక్ నికల్సన్. సహకార పరపతి సంఘాలను గూర్చి 1890లలో ఆయన రాసిన నివేదిక సుప్రసిద్ధం. సివిలు సర్వీసునుంచి విరమించిన తరువాత ఆయన చేపలమీద పడ్డాడు. జపానుకు పోయి అక్కడి మత్స్యపరిశ్రమను చూచి వచ్చాడు. 1907లో మద్రాసు ప్రభుత్వపు మత్స్యశాఖ ఆయన చేతుల్లో రూపు దిద్దుకున్నది. మలబారులోని తానూరులో ఆయన ప్రయోగశాల పెట్టించి, చేపను కుళ్ళనివ్వకుండా తాజాగా ఉండగానే ఇనుప బానల్లో ఉడికించి, పిండి, నూనెను వేరుచేసే పద్ధతిని చూపించాడు. పిండగా మిగిలిన చెక్కను ఎండబెడితే వాసన తక్కువ, సత్తువ ఎక్కువగల ఎరువు వచ్చేది. దానికి గ్వానో అని పేరు. బేపూరు సమీపాన చాలియంలో మత్తిని డబ్బాల్లో నిలవచేసే కర్మాగారం కూడ నెలకొన్నది.

నికల్సన్ ఉద్దేశం మంచిదే. మనిషి ఆహారమే ముందు, తినగా మిగిలినదే ఎరువుకు అన్నది ఆయన అభిమతం. కాని ఆయన చూపిన పద్ధతి సులువు, చవక. కొద్దికాలంలోనే మలబారు, దక్షిణ కన్నడ తీరాల్లో నూనె బట్టీలు వందలకొద్దీ లేచినవి. నూనె విదేశాలకు, గ్వానో సింహళంలోని తోటలకు. బట్టీ యజమాని ముందుగా సొమ్ము ఇచ్చి పట్టుబడిని తనదిగా చేసుకొనేవాడు. డబ్బాల కర్మాగారం మాత్రం ఒక ప్రదర్శన వస్తువుగా నిలిచిపోయింది. ఆహారానికి మార్గం వెతకబోయిన ప్రభుత్వం ఎరువుకు రాజమార్గం వేసింది అనటం కఠినమైన మాట కావచ్చు, అసత్యం మాత్రం కాదు.

నికల్సన్ తరువాత ఆ శాఖను నడిపిన జేమ్స్ హార్నెల్ స్వభావం వేరు. అతనికి పడవలంటే ప్రాణం. ప్రపంచపు నావలను గూర్చి అతడు రాసిన గ్రంథాన్ని నేటికీ చదువుతున్నారు. అతడూ, రామస్వామి నాయుడూ కలసి మత్తి జీవితాన్ని మొదటిసారిగా క్రమపద్ధతిలో పరిశీలించి, 1924లో మద్రాసు మత్స్యశాఖ పత్రికలో ప్రకటించారు. చేపల పొట్టలు కోసి అవి ఏమి తిన్నవో చూడటం, ప్రతిమాసం నీటిని వడగట్టి అందులోని సూక్ష్మజీవులను లెక్కించటం, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టటం వారి పద్ధతి. చేప రాకపోకలకు కారణం వలలోనే వెతకకుండా నీటిలో వెతికినవారు వీరు. ఆ చూపును వెంటనే అందుకున్నవారు తక్కువ.

1940లలో గడ్డుకాలం వచ్చింది. 1942లో బర్మా జపానువారి చేతికి చిక్కటంతో కేరళానికి బియ్యం రాక నిలిచిపోయింది. తిరువాన్కూరు, కొచ్చి, మలబారు ప్రజలు కర్రపెండలంతో కడుపు నింపుకున్నారు. కర్రపెండలం ముద్దకు మత్తి కూర జతపడటం కేరళపు పేదయిళ్ళలో అన్నింటికన్న సహజమైన సంగతి. దుంపలో లేని మాంసకృత్తు చేపలో ఉంటుంది. ఆ సంవత్సరాల్లోనే మత్తి కూడ తీరాన్ని విడిచిపోయింది. బియ్యం రాకపోవటానికి యుద్ధం కారణమని అందరికీ తెలుసు. చేప రాకపోవటానికి కారణం ఎవరు?

మత్స్యశాఖలోని దేవనేశన్ 1943లో తన పరిశీలనను ప్రకటించాడు. గుడ్లతో నిండిన చేపలనూ పిల్ల చేపలనూ విచక్షణ లేకుండా పట్టటమే ఈ క్షీణతకు ప్రధాన హేతువని అతని అభిప్రాయం. ప్రభుత్వం మత్తికొల్లి వల మొదలైనవాటిపై, పిల్ల చేపల వేటపై నిషేధాలు విధించింది. మత్తికొల్లి అంటే మత్తిని చంపేది. పాపం, పేరులోనే నేరం ఒప్పుకున్న వల అది. తెడ్లతో నడిచే చిన్న పడవలో నలుగురైదుగురు పోయి విసరివచ్చే ఆ నూలువలకు కోస్తా మొత్తాన్ని ఖాళీచేసే శక్తి ఉన్నదా అని అడిగినవారు ఉన్నారు. ఇన్నేండ్లుగా వందలాది బట్టీలు మింగిన చేపల లెక్క మాట ఏమిటని అడగవలసింది. నిషేధాలు నాలుగైదేండ్లకు మించి నిలవలేదు. అవి ఉన్నప్పుడూ మత్తి రాలేదు, ఎత్తివేసిన వెంటనే కూడ రాలేదు.

దేవనేశన్ చెప్పినది పూర్తిగా తప్పు అనటానికి వీలులేదు. గుడ్ల చేపను పట్టటంవల్ల నష్టం ఉన్నది. ఐతే కరువు వేళ అన్నింటికన్న బలహీనుడి చేతిలోని పనిముట్టు మొదట కంటపడటం పాలకుల అలవాటు.

స్వాతంత్ర్యానికి ముందు, 1947 ఆరంభంలో, రామనాథపురం తీరాన మండపంలో కేంద్ర ప్రభుత్వం సముద్రమత్స్య పరిశోధనాలయాన్ని నెలకొల్పింది. 1971లో అది కొచ్చికి తరలింది. హార్నెల్, నాయుడు మొదలుపెట్టిన పనిని అక్కడి శాస్త్రజ్ఞులు అందుకున్నారు. 1955లో నాయర్, సుబ్రహ్మణ్యన్ అనే ఇద్దరు ఒక చక్కని విషయం బయటపెట్టారు. ఫ్రజిలేరియా ఓషియానికా అనే సూక్ష్మమైన నాచు విరివిగా కనిపించిన సంవత్సరం మత్తి కూడ విరివిగా వస్తుంది. దానిని చేపకు సూచికగా పట్టుకోవచ్చు. ఒక బొట్టు సముద్రపునీటిని భూతద్దం కింద పెట్టి, రానున్న పంటను ఊహించటమన్నమాట.

అంతలో చేప తిరిగివచ్చింది. 1956లో దేశం మొత్తంమీద మత్తి పట్టుబడి ఎనిమిదివేల టన్నులకు లోపే. 1968లో అది 3 లక్షల టన్నులు. ఆ ఏడు భారత సముద్రజలాల్లో పట్టిన చేపలన్నింటిలో దాదాపు మూడోవంతు. పన్నెండేండ్లలో ముప్ఫయ్ రెట్లకు పైగా! ఈ పెరుగుదలలో ఏ ప్రభుత్వానికీ చెప్పుకోదగిన భాగం లేదు. నార్వే దేశపు సహాయంతో 1953నుంచి కొల్లం దగ్గర సాగిన పథకం మరపడవలను తెచ్చిన మాట నిజమే. కాని ఆ పడవలు త్వరలోనే ఎగుమతికి పనికివచ్చే రొయ్యల వెంట పోయినవి. ఆ 1956లోనే తకళి శివశంకర పిళ్ళ నవల చెమ్మీన్ వెలువడింది. చెమ్మీన్ అంటే రొయ్య. మత్తి మీద నవల ఎవరూ రాయలేదు. ప్రతిరోజూ తినేదానిని గూర్చి కావ్యాలు పుట్టటం అరుదు.

ఈ సమృద్ధి కాలంలో ఉత్తర కన్నడ, దక్షిణ కన్నడ తీరాల్లో రంపణి వలలు సాగేవి. రంపణి మహా వల. దానిని పడవమీద సముద్రంలోకి తీసుకుపోయి, చేపల గుంపు చుట్టూ అర్ధచంద్రాకారంగా దింపి, రెండు కొసలను ఒడ్డునుంచి లాగాలి. లాగటానికి పదులకొద్దీ మనుషులు కావాలి. వల ముక్కలు పలువురివి, పడవ కొందరిది, లాగే చేతులు ఊరందరివి. వచ్చిన చేపలో వల భాగం వలకు, మనిషి భాగం మనిషికి. వల సొంతదారు కానివాడు కూడ వచ్చి తాడు పట్టుకుంటే ఆ పూట చేప ఇంటికి పట్టుకుపోయేవాడు. గోవాలో ఇటువంటి వలల మీద బతికేవారినే రంపణకారులు అన్నారు. రంపణికి ఒక లోపం ఉన్నది. చేప ఒడ్డుకు రావాలి. రాకపోతే వల ఎదురుచూడవలసిందే. ఆ లోపమే చేపకు రక్ష కూడ.

1970ల నడుమ మంగుళూరు వైపున మరపడవలపైనుంచి వేసే సంచీవలలు వచ్చినవి. సంచీవల ఎదురుచూడదు. గుంపు ఉన్నచోటికే పోయి, చుట్టుముట్టి, అడుగున తాడులాగి సంచి మూతిలాగా బిగించి, చేపను మొత్తంగా ఎత్తుకుంటుంది. రంపణి అందుకోగల నీటికి మత్తి చేరకముందే లోతునీటిలో దాని పని ముగిసేది. కొద్ది సంవత్సరాల్లోనే రంపణులు మూలపడ్డవి. గోవాలో రంపణకారులు మరపడవలకు వ్యతిరేకంగా వీధులకెక్కారు. వారి ఆందోళన దేశవ్యాప్తమైన మత్స్యకార సంఘటనకు దారితీసింది. 1980లో కేరళం చేసిన సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం, 1988నుంచి అక్కడ వర్షాకాలంలో ట్రాలరులను ఆపటం ఆ కలతల ఫలితాలే.

కేరళంలో కథ మరోవిధంగా మలుపు తిరిగింది. అక్కడి సంప్రదాయ మత్స్యకారులు సంచీవలను ఎదిరించి, దాని తమ్ముణ్ణి తామే చేపట్టారు. 1980లలో రింగువల అనేదానిని తమ వళ్ళాలకు అమర్చుకున్నారు. తెడ్లస్థానంలో అప్పటికే మోటార్లు వచ్చినవి. మొదట చిన్నదిగా ఉన్న వల ఏడేడు పెరిగింది, పడవ పెరిగింది, ఒక్కొక్క పడవలో నలభయ్ మంది ఎక్కారు, అప్పు కూడ పెరిగింది. వర్షాకాలంలో ట్రాలరు ఒడ్డున కట్టివేసి ఉన్నప్పుడు వీరికి మినహాయింపు. మత్తి గుడ్లు పెట్టేది ఆ నెలల్లోనే. 1943లో తాతలమీద మోపిన నేరానికి మనుమల చేతుల్లో నిజంగానే సాధనం సిద్ధమైంది అనవలసివస్తుంది.

మధ్యలో 1994 ప్రాంతంలో ఒక గండం వచ్చి గడిచింది. తరువాత మళ్ళీ వరద. 2012లో దేశంలో మత్తి పట్టుబడి 7 లక్షల టన్నులు దాటింది; అందులో సుమారు 3 లక్షల 90 వేలు ఒక్క కేరళానిది. అక్కడినుంచి పతనం. 2015, 16 సంవత్సరాల్లో పసిఫిక్ మహాసముద్రంలో తలెత్తిన ఎల్‌నీన్యో ఋతుపవనాన్ని కలతపెట్టింది, నీరు వేడెక్కింది, పట్టుకున్న పిల్లచేపల పాపం దానికి తోడైంది. 2015లో కేరళ ప్రభుత్వం పది సెంటీమీటర్లకు తక్కువైన మత్తిని పట్టరాదని ఉత్తర్వు చేసింది. 2021లో కేరళ తీరమంతటా దొరికిన మత్తి 3,297 టన్నులు. తొమ్మిదేండ్ల క్రితం వంద వచ్చినచోట ఒకటి. మలయాళీ వంటింటికి ఒమానునుంచి, తమిళనాడునుంచి మత్తి వచ్చింది. ఇబ్న్ బతూతా చూచిన తీరం మలబారుకు చేప పంపటం చరిత్ర చేసిన చమత్కారం.

చేప మళ్ళీ వచ్చింది. 2023 నాటికి కేరళంలో పట్టుబడి లక్ష టన్నులు దాటింది. కాని ఆ రాక పూర్వపు రాకవలె లేదు. 2024 వర్షాకాలంలో కిలో 300 రూపాయలు దాటి, పేదవాడి చేప ధనికుడికీ బరువైంది. అదే సంవత్సరం కొన్ని నెలలకు పిల్ల మత్తి తండోపతండాలుగా వచ్చి కిలో ఇరవై ముప్ఫయ్ రూపాయలకు పడిపోయింది. ఆ పిల్లలు పెరగవలసినంత పెరగనూ లేదు. మేత తక్కువ, తినే నోళ్ళు ఎక్కువ అని శాస్త్రజ్ఞులు అంటున్నారు. గంపలో పెట్టుకొని గడపగడపకూ తిరిగి అమ్మే స్త్రీకి ఈ రెండు ధరల్లో ఏదీ కలసిరాదు. మొదటిదానికి కొనేవాడు లేడు, రెండవదానిలో మిగులు లేదు.

ఈ నడుమ మత్తి తన ఎల్లలను కూడ మార్చుకున్నది. పూర్వం మలబారు, దక్షిణ కన్నడ తీరాలనే నమ్ముకొని ఉండిన చేప 1980లనుంచి ఉత్తరాన మహారాష్ట్ర, గుజరాతులవైపూ, కన్యాకుమారి చుట్టి తూర్పున తమిళనాడు, ఆంధ్రలవైపూ విరివిగా కనిపిస్తున్నది. సముద్రం వెచ్చబడటం ఇందుకు ఒక కారణమని పరిశోధకుల అభిప్రాయం. విశాఖ రేవులో ఒకప్పుడు అంతగా లెక్కకు రాని నూనె కవల్లు ఇప్పుడు గంపల్లో కనిపిస్తున్నవి. కవల్లన్నీ ఒకటే అనుకొని కొనే గృహిణికి, ఈ కొత్త కవల్లు ఏ తీరంనుంచి వచ్చినవో తెలియవలసిన అవసరం లేదు.

మంగుళూరు, ఉడిపి తీరాల్లో నికల్సన్ కాలపు బట్టీల స్థానంలో నేడు ఆవిరి యంత్రాల కర్మాగారాలు ఉన్నవి. ఇప్పుడు పొడి ఎరువుకు పోదు, మేతకు పోతుంది. నాలుగైదు కిలోల పచ్చి చేప ఉడికి ఎండితే ఒక కిలో పొడి. చెరువుల్లో పెంచే చేపలకూ రొయ్యలకూ వేసే మేతలో ఆ పొడి ముఖ్యమైన దినుసు. భారతదేశంలో పెంపకపు రొయ్యల్లో అధికభాగం ఆంధ్రదేశపు చెరువులదే. మలబారునుంచి సింహళపు తోటలకు పోయిన గ్వానో బస్తాల మాదిరిగా, నేడు మేతసంచులు భీమవరం, నెల్లూరు ప్రాంతాల చెరువుగట్లకు చేరుతున్నవి. సంచి లోపలి పొడిలో బూతాయి ఉన్నదో, తార్లీ ఉన్నదో, కవల్లు ఉన్నవో, పైన అచ్చువేసిన అక్షరాల్లో కనిపించదు.